చింతబరికెకు కళ్ళకలక

వాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో ఆవిణ్ణి అందరూ కంగారమ్మ అంటారు. మొహం మీద ఎవరూ అనరు గానీ ఆవిడకు తెలుసు. తెలిసి, ఆ పేరు పెట్టినవాళ్ళ మీద జాలిపడుతుంది. గ్యాస్ కట్టామో లేదో చూసుకోకుండా తాళం వేసుకుని పోయే మనుషులకు కంగారు విలువ ఏం తెలుస్తుంది? లిఫ్ట్ ఎక్కితే తాడు తెగుతుందని ఆవిడ మెట్లెక్కుతుంది. మెట్లెక్కితే గుండె ఆగుతుందని మధ్యలో ఆగుతుంది. ఇంత జాగ్రత్తగా బతికే మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కూతురు, వెతికి వెతికి, నలుగురి చేతా తిట్లు తినే పని చూసుకుంది.

ఆ పిల్ల సినిమా సమీక్షలు రాస్తుంది. పెద్ద సినిమాల మీదైతే చుట్టాలకు చెప్పుకోవడానికైనా బాగుండేది. ఈ పిల్ల రాసేది పొట్టి సినిమాల మీద. సెలవు రోజున కెమెరా అద్దెకు తెచ్చి, ఆఫీసు స్నేహితుణ్ణి హీరోను చేసి, పిన్నిగారింట్లో సోఫా జరిపి తీసేసి, చివర్న ‘ఒక స్వతంత్ర చిత్రం’ అని వేసుకునేవి. దేని నుంచి స్వతంత్రమో కంగారమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

“కథ నుంచి,” అంది కూతురు ఒకసారి.

వెబ్ పత్రికలో ఆ పిల్ల పేరు చింతబరికె. అసలు పేరు సంపాదకుడికీ ఆఫీసులో ఒకరిద్దరికీ తప్ప తెలియదు. ‘ఈ చిత్రం నిడివి తక్కువ. ఇందులో ఉన్న కరుణరసం అదొక్కటే’ అని రాస్తుంది. ‘దర్శకుడికి కెమెరా ఎత్తడం వచ్చింది. దించడం నేర్చుకోవాలి’ అని రాస్తుంది. చదివినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. కంగారమ్మ మాత్రం గుండె పట్టుకుంటుంది.

“వాడికీ ఒక తల్లి ఉంటుంది కదే! ఆవిడ ఉసురు మనకు తగలదూ?”

“ఉంటే ఆవిడతో చెప్పు, కెమెరా దాచెయ్యమని.”

నిజానికి ఆ సినిమాల మీద కూతురికున్న చిన్నచూపు తల్లికున్న దానిలో సగం కూడా ఉండదు. కూతురు కనీసం వాటిని తిట్టడానికైనా కూర్చుని చూసేది. కంగారమ్మ అటుగా వెళుతూ ఓ కన్ను వేసి, “ఇదేంటే, ఫ్యాన్ కింద కూర్చుని ఫ్యాన్ వంక చూస్తున్నాడు, పనీ పాటా లేదా?” అని వెళ్ళిపోయేది. కానీ ఆవిడ లెక్కలో చెత్తను చెత్త అని ఇంట్లో అనుకోవాలి. బయటికి అంటే ఆ చెత్త తెచ్చి మన గుమ్మంలోనే పోస్తారు.

అన్నట్టే అయింది. ఒక ప్రేమ సినిమా మీద చింతబరికె, ‘ఇద్దరూ ప్రేమించుకున్నారని చివర్లో అక్షరాల్లో వేశారు కాబట్టి తెలిసింది’ అని రాస్తే, దాని కింద ఆ దర్శకుడు జవాబు పెట్టాడు. ‘మీరెవరో కనుక్కుంటాను. ఇంటికే వచ్చి మాట్లాడతాను.’

“మాట్లాడతానన్నాడు కదమ్మా, నరుకుతానన్లేదు,” అని కూతురు ఆవలించింది.

“నరికేవాడు ముందే చెప్తాడటే?”

కంగారమ్మ ఆ రోజే వడ్రంగిని పిలిపించి తలుపుకు పైన ఒక గడియ, కింద ఒక గడియ వేయించింది. ముందునుంచీ ఉన్నదాంతో కలిపి అదో కోటతలుపు అయింది. పాత కర్టెన్ కడ్డీ ఒకటి తెచ్చి తలుపు వెనకాల నిలబెట్టింది.

సరిగ్గా ఆ పత్రికవాళ్ళు పొట్టి సినిమాల వారోత్సవం పెట్టుకున్నప్పుడే చింతబరికెకు కళ్ళకలక వచ్చింది. రోజుకో సినిమా, ఒక్కోటి ఒక్కో రకం: దయ్యం, ప్రేమ, డాక్యుమెంటరీ, ఇంకేవేవో. పొద్దున లేచేసరికి రెండు కళ్ళూ జిగురు పెట్టి అంటించినట్టు మూసుకుపోయాయి. తెరిస్తే మిరపపళ్ళు. డాక్టరు చుక్కలమందు ఇచ్చి, తగ్గేదాకా ఏ తెర వంకా చూడొద్దన్నాడు.

“ఇంకేముంది, చూపు పోయినట్టే,” అని కంగారమ్మ గోడకు జారబడింది.

“కళ్ళకలకతో ఎవరికీ చూపు పోలేదమ్మా. శీర్షిక పోతుంది.”

అదీ అసలు భయం. సంపాదకుడిది ఒక్కటే నియమం: సమీక్షకుడు సినిమాను తన కళ్ళతో ఆఖరి పేరు పడేదాకా చూడాలి. ట్రైలరు చూసి రాశాడని ఒకణ్ణి పీకేశాడు కూడా. సెలవు అడిగితే వారోత్సవమంతా పన్నీరుబుడ్డి చేతికి పోతుంది. పన్నీరుబుడ్డి అంటే అదే పత్రికలో ఉన్న ఇంకో సమీక్షకుడు. పెళ్ళి వీడియో చూపించినా ‘మానవ సంబంధాల లోతులు తడిమింది’ అని రాసే రకం. వాడి చేతికి వెళ్ళిన శీర్షిక మళ్ళీ తిరిగి రాదు.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద పడుకున్న కూతురు తల్లి వైపు ఒత్తిగిలింది.

“అమ్మా, నువ్వు చూసి చెప్పు. నేను వింటాను. నేను చెప్పింది నువ్వు కొట్టు.”

“ఎవర్నే?”

“టైపు కొట్టమంటున్నాను.”

“చూడకుండా రాయడం తప్పు కాదుటే?”

“రాయకుండా తీశారు కదా వాళ్ళు!”

కంగారమ్మకు కూతురి శీర్షిక పోతే ఆ పిల్ల ఏమైపోతుందోనన్న ఆలోచన ఒకటి మొదలైంది, దాని వెనక ఇంకో పది వచ్చాయి. కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరవడానికి ముందు ప్లగ్గు కాలుతోందేమోనని వాసన చూసింది.

మొదటి రోజు దయ్యం సినిమా.

“ఒక అమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని ఇల్లంతా తిరుగుతోందే. కరెంటు పోయిందట.”

“ఊఁ.”

“పోయిందంటుంది గానీ వెనకాల ఫ్రిజ్‌లో లైటు వెలుగుతోంది. అమ్మో, అమ్మో, అమ్మో!”

“దయ్యం వచ్చిందా?”

“దయ్యం ఎప్పుడో వచ్చింది. కర్టెన్ పక్కకి కొవ్వొత్తి తీసుకెళుతోంది, అంటుకుంటే ఏం కాను!”

ఆ దయ్యం జుట్టు విరబోసుకుని కెమెరా ముందు ఎంత గెంతినా కంగారమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ చూపంతా కర్టెన్ మీదే. కూతురు గబగబా సమీక్ష చెప్పింది: ‘ఇందులో దయ్యానికన్నా నటీనటులే ప్రాణం లేకుండా ఉన్నారు.’

కంగారమ్మ వేలు అక్షరాల మీద ఆగింది. ప్రాణం లేకుండా అనడం అశుభం. అమ్మాయి పేరు మీద అలాంటి మాట పోతే ఆ పాపం ఇంటికే చుట్టుకుంటుంది. ‘నటీనటులు కొంచెం నీరసంగా ఉన్నారు, వేళకు తిన్నారో లేదో’ అని కొట్టి పంపేసింది. సంపాదకుడు ఫోన్ చేసి, “ఏంటమ్మా, కొత్త పుంతలు తొక్కుతున్నావు,” అని నవ్వాడు. చింతబరికె ఆ నవ్వును తన ఖాతాలో వేసుకుంది.

తర్వాత ప్రేమ సినిమా. ఇద్దరూ వానలో తడుస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు, పక్కనే బస్ షెల్టర్ ఉంది. “న్యుమోనియా వస్తుందే,” అని కంగారమ్మ నోరు కొట్టుకుంది. డాక్యుమెంటరీ వీధిపిల్లుల మీద. పిల్లుల కన్నా తీసినవాడి మొహమే ఎక్కువసేపు ఉంది. ఇంకోటి కళాత్మకమట. ఒక ముసలాయన గ్లాసు కడిగి, బోర్లించి, మళ్ళీ తీసి కడిగాడు.

“తర్వాత?”

“తర్వాత ఏమీ లేదు. పేర్లు పడ్డాయి. ఆ కుళాయి మాత్రం సరిగ్గా కట్టలేదే, కారుతూనే ఉంది.”

కూతురికి తల్లి చెప్పే తీరులో ఒక్కటే నచ్చేది కాదు. ప్రతి వాక్యానికీ చివర ‘ట’ తగిలించేది ఆవిడ. ఉద్యోగం పోయిందట, పెళ్ళాం అలిగిందట, వాడు ఈవిణ్ణి ప్రేమించాడట. ఇంటిపక్కవాళ్ళ సంగతి చెప్పినా, టీవీ వార్తలు చెప్పినా అంతే. తన కంటికి రూఢి కానిదాన్ని నెత్తిన వేసుకోవడం ఆవిడకు భయం. ‘ట’ పెడితే తప్పు చెప్పినవాడిది. రేపు ఎవరైనా నిలదీస్తే తన పూచీ లేదు.

“అమ్మా, టైపు చేసేటప్పుడు ఆ ‘ట’ తీసెయ్. చూసినవాళ్ళు ‘ట’ అనరు. ఒక్క ‘ట’ పడిందా, మనం చూడలేదని పట్టేస్తారు.”

“నాకు నమ్మకం లేనిది ఎలాగే అనేది?”

“సమీక్ష అంటే అదే మరి.”

ఆ మర్నాటి సినిమాతో పత్రికవాళ్ళు పంపిన మెయిల్ తెరవగానే కంగారమ్మకు ఒళ్ళు చల్లబడింది. సినిమా పేరు ‘అరగడియ’. దాని కింద దర్శకుడి పేరు. ఇంటికే వస్తానన్నవాడు! ఆ పేరు చూశాక కింద ఇంకేం రాసుందో ఆవిడ చదవలేదు, చదివే స్థితిలో లేదు.

“ఎవరు తీశారమ్మా?”

“ఎవరో అబ్బాయట,” అని లేచి వెళ్ళి మూడు గడియలూ చూసుకొచ్చింది.

సినిమా మొదలైంది. వెనకాల వయొలిన్ ఒకటి ఎవరో పోయినట్టు ఏడుస్తోంది. స్నానం చేసి తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి, పేపరు తీసుకోవడానికి గుమ్మం దాటాడు. గాలికి తలుపు పడింది. సగం వేసున్న గడియ పూర్తిగా పడిపోయింది. లోపల పొయ్యి మీద కుక్కర్.

“దేవుడా! పొయ్యి వెలుగుతోందే!”

“చెప్పమ్మా, ఏం జరుగుతోంది?”

“ఇంకేం జరగాలి? కుక్కర్ కూత వేసింది. పక్కింటివాళ్ళు తలుపు తీయడంలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట ఇవాళే. అయ్యో, పిట్టగోడ ఎక్కుతున్నాడే, తువ్వాలు మేకుకి పట్టుకుంది, పడిపోతాడే, వద్దు నాయనా, దిగు!”

కూత పడినప్పుడల్లా ఆ మనిషికి ఇంకో కష్టం. పిట్టగోడ మీంచి వేరే ఇంట్లోకి దూరాడు. ఆ ఇంటావిడ దొంగనుకుని చీపురుతో బాదింది. కుక్క తరిమింది. చివరికి తువ్వాలుతో మెట్ల మీద కూలబడ్డాడు. మేడ మీదివాళ్ళూ కిందివాళ్ళూ చుట్టూ చేరి పగలబడి నవ్వారు. లోపల కుక్కర్ ఇంకా కూస్తూనే ఉంది. వయొలిన్ ఏడుస్తూనే ఉంది. పేర్లు పడ్డాయి.

కంగారమ్మ చెంగు తడిసిపోయింది. “మనుషులేనటే వాళ్ళు? ఒకడు నాశనమైపోతుంటే నవ్వుతారా? ఆ పొయ్యి చివరిదాకా ఎవరూ కట్టనే లేదు!”

చింతబరికె పెదవి విరిచింది. ఏడుపు వయొలిన్ వినగానే ఆ పిల్లకు సినిమా ఎత్తు తెలిసిపోయింది. తనకు కళ్ళక్కర్లేదు, చెవులు చాలు అని మురిసిపోయింది. గొంతు సవరించుకుని సమీక్ష చెప్పింది: ‘ఒక మనిషి కష్టాన్ని తువ్వాలు చుట్టి నిలబెట్టి, ఏడవండి, ఏడవండి అని దర్శకుడు మనల్ని గిల్లుతాడు. ఆ గిల్లుడుకు దోమ కుట్టినంత నొప్పి కూడా రాదు. ఇతను కెమెరా ముట్టుకోకుండా ఉండటమే కళకు చేసే సేవ.’ ఇంకా చాలా చెప్పింది. తువ్వాలును కూడా వదల్లేదు.

కంగారమ్మ ఒక్క ముక్క కూడా కొట్టలేదు. ఆ మాటలు పోతే వాడు ఈ సాయంత్రానికే వస్తాడు. కూతురు చూస్తే గుడ్డిదానిలా పడుకుని ఉంది, పారిపోవడానికి కూడా లేదు. బిడ్డ ప్రాణం ముందు బరికె ఎంత? ఆవిడ టైపు చేసింది:

‘పాపం, తీసిన అబ్బాయి చాలా కష్టపడ్డాడు. చూస్తున్నంతసేపూ నాకు ఏడుపు ఆగలేదు. ఇలాంటిది పగవాళ్ళకు కూడా రాకూడదు. తెలిసో తెలియకో తీశాడు, పెద్ద మనసు చేసుకుని ఎవరూ ఏమీ అనకండి. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని అబ్బాయికి ధైర్యం చెప్పండి. ఇంకో సినిమా తీయమని తొందరపెట్టకండి. ఆరోగ్యం ముఖ్యం. పాపం.’

రెండోసారి ‘పాపం’ ఎందుకు పెట్టానా అని ఆలోచించి, ఉంటే మంచిదేలే అని ఉంచేసింది. పంపి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం సంపాదకుడి ఫోన్. నవ్వలేక దగ్గుతున్నాడు. “ఇన్నాళ్ళూ బరికెతో వాతలే పెట్టావమ్మా. ఇవాళ తడిగుడ్డతో గొంతు కోశావు! ఊరంతా అదే మాట. ఆ ‘ఆరోగ్యం ముఖ్యం’ ఉంది చూశావూ...” మళ్ళీ దగ్గు.

ఫోన్ పెట్టేసి కూతురు నల్లద్దాలు తల్లి వైపు తిప్పింది. “ఆరోగ్యం మాట నేనెప్పుడన్నానమ్మా?”

“అన్నావులే మధ్యలో. కళ్ళమంటలో నీకు గుర్తుండదు.”

ఇంకేదో అడగబోయేంతలో కాలింగ్ బెల్ మోగింది.

కంగారమ్మ తలుపు కన్నంలోంచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల కనిపించలేదు, హెల్మెట్ కనిపించింది. మొహం గుర్తుపట్టకుండా వచ్చాడన్నమాట!

“చింతబరికె గారున్నారాండీ?”

“ఆయన లేరు! ఊరెళ్ళారు! ఎప్పుడొస్తారో తెలియదు!”

“అమ్మా, ఎవరు?” అని లోపలినుంచి కూతురు అరిచింది. “నాకోసమేనా?”

కొన్ని సమయాల్లో కన్నబిడ్డే శత్రువు. పైగా ఆ పిల్ల మంచం దిగి తడుముకుంటూ వచ్చి, తనే గడియలు తీసేసింది. కంగారమ్మ కడ్డీ అందుకుంది.

వచ్చినవాడు హెల్మెట్ తీశాడు. పలచటి మొహం, దాన్ని నిండుగా చూపించడానికి పెంచుకున్న గడ్డం. ఎదురుగా నల్లద్దాల అమ్మాయిని, ఆ వెనక కర్టెన్ కడ్డీ ఎత్తి పట్టుకున్న పెద్దావిణ్ణి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“చింతబరికె... మీరా? నేను మీసాలవాడెవరో అనుకున్నాను. మా మేనత్త కూతురు మీ ఆఫీసులోనే చేస్తుంది, అడ్రస్ ఒక్కటే తను చెప్పింది. కొట్టడానికి రాలేదండీ. ఆంటీ, అది దించండి.”

“ముందు నువ్వు హెల్మెట్ కింద పెట్టు,” అంది కంగారమ్మ.

హెల్మెట్ కుర్చీ మీదికి, కడ్డీ గోడ మూలకు చేరాయి. అతను మాత్రం కూర్చోలేదు. ఫోన్ తీసి సమీక్ష మొత్తం పైకి చదివాడు. మొదటి ‘పాపం’ దగ్గర చింతబరికె నొసలు ముడిపడింది. ‘ధైర్యం చెప్పండి’ దగ్గర దవడ బిగిసింది. రెండో ‘పాపం’ వచ్చేసరికి నల్లద్దాలు నెమ్మదిగా తల్లి వైపు తిరిగాయి. కంగారమ్మ సీలింగ్ వంక చూసింది. ఇది నేను రాయలేదని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పడానికి లేదు. చెబితే శీర్షిక చేతిలో ఉండదు.

“తిట్టండి, పడతాను,” అన్నాడతను. “పోయినసారి నన్ను మీరు చీల్చి చెండాడారు. నాలుగు రోజులు అన్నం తినలేదు, కానీ అందులో ఒక మర్యాద ఉంది. ఇదేంటండీ? పొద్దుట్నుంచీ మా మామగారు ‘పాపం, తిన్నావా’ అని ఫోన్. ఆఫీసులో నన్ను పాపం అనే పిలుస్తున్నారు. మా బాస్ సెలవు కావాలా అని అడిగాడు! ఏడుపు ఆగలేదని రాస్తారా? ఒక కామెడీ సినిమాకి?”

“కామెడీనా?” అంది చింతబరికె.

నోరు జారిన సంగతి జారాక తెలిసింది. అతను ఆ నల్లద్దాల వంక, బల్ల మీది చుక్కలమందు వంక, ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో ఉన్న కంగారమ్మ కుట్టుదిండు వంక చూశాడు.

“మీరు చూడలేదు.”

“విన్నాను. కామెడీకి ఎవరైనా శవం దగ్గర వాయించినట్టు వయొలిన్ పెట్టుకుంటారా?”

“అది వ్యంగ్యం! పైన ఏడుపు, కింద నవ్వు!”

“కింద ఎక్కడ? మెట్ల మీదనా?”

“పక్కింటివాళ్ళు నవ్వే షాట్ పెట్టాను కదండీ, ఇక్కడ నవ్వాలని తెలియడానికి!”

“నవ్వాలని తెలియాలంటే నువ్వే నవ్వి చూపించాలా? వాళ్ళనుకూడా నువ్వు బతిమాలే నవ్వించి ఉంటావు.”

అతను గడ్డం గోక్కున్నాడు. బతిమాలాడని కంగారమ్మకు అర్థమైంది. “ఎవరు చూశారు మరి? ఆంటీ, మీరా? మీకు నవ్వు రాలేదా?”

కంగారమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “పొయ్యి కట్టకుండా ఎలా నవ్వొస్తుంది బాబూ? అంత పెద్ద మంట! ఆ కుక్కర్ పేలితే ఆ వాటాలో పిల్లలు కూడా ఉన్నారాయె!”

అతను రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు. తర్వాత ఒక నిర్ణయానికి వచ్చినట్టు నిటారుగా నిలబడ్డాడు. “సరే. మీ ఎడిటర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను. చింతబరికె సినిమాలు చూడదు, వాళ్ళమ్మ చూసి ఏడుస్తుంది అని చెప్తాను. లేదా, సవరణ వెయ్యండి. ‘అరగడియ’ హాస్యచిత్రం. ఆ ఒక్క ముక్క చాలు. నేను పోతాను.”

చింతబరికెకు ఇలా లొంగడం ఎన్నడూ అలవాటు లేదు. పళ్ళు కొరుక్కుంది. పన్నీరుబుడ్డి మొహం కళ్ళముందు మెదిలింది కాబోలు, మంచం మీద కూలబడి, “అమ్మా, కూర్చో,” అంది. “చెప్పింది చెప్పినట్టు కొట్టు. ఒక్క అక్షరం నీ సొంతం పెట్టావంటే చూడు. ‘ఉదయం సమీక్షలో ఒక పొరపాటు జరిగింది.’ కొట్టావా? ‘అరగడియ హాస్యచిత్రం.’ ఆపు. పంపెయ్.”

కంగారమ్మ మొదటి వాక్యం కొట్టింది. రెండోది కొట్టి ఆగింది. హాస్యచిత్రం. ఎవరు చూశారు హాస్యం? తను రెండు కళ్ళతో చూసింది, తువ్వాలుతో కూలబడ్డ మనిషిని తప్ప ఏమీ చూడలేదు. రేపు ఇది నమ్మి ఎవరైనా గుండెజబ్బు మనిషి నవ్వుకుందామని చూసి, ఆ పొయ్యి దగ్గర ఏమైనా అయితే? ఎవరు రాశారు హాస్యమని అంటూ పోలీసులు వస్తే? అబ్బాయి చెప్పాడు, మనం రాశాం. ఆ ఉన్నమాటే ఉంటే ఎవరికీ నష్టం లేదు. బిడ్డ క్షేమం కోరి చివర ఒక్క అక్షరం సరిచేసి, పంపేసింది.

సవరణ నేరుగా పత్రికలో పడిపోయింది. అతను తన ఫోన్‌లో చూసుకున్నాడు. గడ్డం కింద మొహం మొదట విప్పారింది. తర్వాత కళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళి వాక్యం చివర్న ఆగిపోయాయి.

“ట,” అన్నాడు.

“ఏం ట?” అంది చింతబరికె.

“‘అరగడియ హాస్యచిత్రమట’!”

మంచం మీద పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఒక్క ‘ట’ పడిందా పట్టేస్తారని ఇంట్లో తను చెప్పిన పాఠమే ఇది. పట్టేశారో లేదో ఎవరికీ తెలియకముందే అతని ఫోన్ టింగు టింగుమనడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే చదువుతూ అతను నీరుగారిపోయాడు. “‘ఆ ట ఒక్కదానికి దండం పెట్టాలి.’ ‘హాస్యచిత్రమట, తీసినవాడు చెప్పాడట, నవ్వాలట.’ ‘ఈ ట ముందు పాత సమీక్షలన్నీ బలాదూర్.’ తీసెయ్యండి! ఆంటీ, వెంటనే తీసెయ్యండి!”

“అబద్ధం ఎలా రాయను నాయనా? నువ్వు చెప్పావు కాబట్టే రాశాను. నీ మాట పోకుండా, నా మీదికి రాకుండా!”

“ఇప్పుడే చేస్తాను ఎడిటర్‌కి! అంతా చెప్పేస్తాను!”

చింతబరికెకు అప్పటికి ఊపిరి కుదుటపడింది. ఎవరికీ అనుమానం రాలేదు, బరికె పదునెక్కిందనుకున్నారు. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది.

“చెప్పు. ‘చింతబరికె నా సినిమా చూడలేదు, వాళ్ళమ్మ చూసింది, మొదట్నుంచి చివరిదాకా ఒక్క క్షణం తల తిప్పకుండా చూసి, నా కామెడీకి చెంగు తడిసేలా ఏడ్చింది’ అని చెప్పు. అందరికీ చెప్పు. ఇప్పటిదాకా నిన్ను నమ్మనివాళ్ళు అది మాత్రం నమ్ముతారు. నీ సినిమాకు దొరికిన నిఖార్సైన ప్రేక్షకురాలు ఆవిడొక్కతే. ఆవిణ్ణి పట్టుకెళ్ళి ఏ వేదిక మీదైనా నిలబెట్టుకో.”

అతను ఫోన్ వంక చూశాడు. నంబరు నొక్కబోయిన వేలు అక్కడే ఉండిపోయింది. అది నొక్కితే ఏమవుతుందో అతనికీ తెలుసు. ఫోన్ జేబులో పెట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతని అడుగు గుమ్మం దాటిందో లేదో కంగారమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి పైగడియ, మధ్యగడియ, కిందగడియ వరసగా బిగించేసింది. వెనక్కి తిరిగేసరికి కుర్చీలో హెల్మెట్ కనిపించింది.

“అయ్యయ్యో! తల మీద ఏమీ లేకుండా పోతున్నాడే! లారీల రోడ్డు! ఏమైనా అయితే ఆఖరున వెళ్ళింది మనింటికే అంటారు!”

ఈలోగా అతనికీ గుర్తొచ్చినట్టుంది, తలుపు మీద చిన్నగా టకటకలాడించాడు. కంగారమ్మ గడియల మీద పడింది. పైది వచ్చింది. మధ్యది వచ్చింది. కిందది కంగారులో సగానికి దిగి, అటూ పోక ఇటూ రాక బిగుసుకుపోయింది.

“ఆగు బాబూ, వెళ్ళకు! రావడంలేదు! నెత్తి పగులుతుంది, ఆగు!”

“ఫర్వాలేదండీ, మీ దగ్గరే ఉంచండి,” అన్నాడతను తలుపు అవతలినుంచి, ఎంత వీలైతే అంత చిన్న గొంతుతో.

“వద్దు! కదలకు! పాపం, ఉండు!”

పాపం అన్న మాట మెట్ల కింది వరకూ వినిపించింది. పైవాటా తలుపు తెరుచుకుంది. ఎదురువాటా తలుపు తెరుచుకుంది. లోపల వంటింట్లో, కంగారమ్మ బెల్ మోగే ముందు పొయ్యి మీద పెట్టి ఈ గొడవలో మరిచిపోయిన కుక్కర్ ఒక్కసారిగా కూత వేసింది.

చింతబరికె నల్లద్దాలు తీసేసింది. ఎర్రటి కళ్ళలోంచి ధారలు కారుతుండగా, మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. ఆ వారమంతా అన్ని రకాల సినిమాలు విని ఒక్కసారి కూడా నవ్వని పిల్ల, దిండు నోట్లో కుక్కుకుని నవ్వింది. “ఇదీ కామెడీ అంటే! వెళ్ళి చెప్పమ్మా అతనికి, ఇది తీసుకోమని!”

కంగారమ్మకు ఆ మాట చెవిన పడలేదు. ఒక చేత్తో గడియ లాగుతూ, ఒక చెవి కుక్కర్ వైపు పెట్టి, రెండు చావుల మధ్య ఊగుతోంది. మెట్ల మీదినుంచి పైవాటా ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది.

“ఎవరు బాబూ నువ్వు? పెద్దమ్మగారి తలుపు దగ్గర ఏం చేస్తున్నావు? ఏమండీ, ఎవరితను? మీకు తెలిసినవాడేనా?”

తలుపుకు నోరు ఆనించి, రేపు తన మీదికి ఏ మాటా రాకుండా చూసుకుని, కంగారమ్మ లోపలినుంచి కేకేసింది.

“ఏమోనమ్మా! సినిమాలు తీస్తాడట!”